నూటికి అరవై

మా ఆఫీసులో ఎవరి జీతం ఎంతో అందరికీ తెలుసు. అందులో రహస్యం లేదు, గొప్పా లేదు. ఫలానా మనిషి ఏ స్కేలులో ఎన్నో మెట్టు మీద ఉన్నాడో తెలిస్తే చాలు, నెలాఖరుకి అతని చేతికి ఎంత వస్తుందో క్యాంటీన్‌లో టీ పోసేవాడు కూడా చెప్పేస్తాడు. నాకు ఇంక్రిమెంటు పడిన సంగతి చాలాసార్లు నాకంటే ముందు మా అటెండరుకే తెలిసేది. "ఈసారైనా టీతో సరిపెట్టకండి సార్" అని అతను తలుపు దగ్గర నిలబడి నవ్వితే, ఓహో, పడిందన్నమాట అనుకునేవాణ్ణి. అలాంటి గాలిలో ఉద్యోగమంతా గడిపినవాడికి జీతం అంటే ఎత్తూ బరువూ లాంటిది. అడిగితే చెప్తాం. అడగకపోయినా చూస్తే తెలిసిపోతుంది.

నేను విద్యుత్ సంస్థలో కంప్యూటర్ ఇంజనీరుని. ఊరందరి కరెంటు బిల్లులూ మా గదిలోంచే బయటికి వెళ్తాయి. కరెంటు పోతుంది గానీ బిల్లు మాత్రం ఎప్పుడూ పోదని జనం తిట్టే తిట్లలో సగం మా వాటాకే వస్తాయి. ఆ వానాకాలం మొదట్లో, అన్ని శాఖల్లోనూ ఉన్న మాలాంటి ఇంజనీర్ల జీతాలు చూడడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కబురు మోసుకుని మా సంఘం అధ్యక్షుడు గొడుగు కూడా ముడవకుండా మా గదిలోకి వచ్చేశాడు. ఆయన్ని అందరూ 'మైకు' అంటారు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు.

"గురువుగారూ, పోలిక లెక్క మీరే వెయ్యాలి. అరవడానికి నేనున్నాను. కూడికలు మాత్రం నా వల్ల కాదు."

పోలిక లెక్క అంటే పెద్ద విశేషమేం కాదు. ప్రభుత్వ ఇంజనీరుకి ఎంత వస్తోంది, అదే పని చెయ్యడానికి ప్రైవేటు కంపెనీ పంపే ఇంజనీరుకి ఎంత అవుతోంది, రెండూ పక్కపక్కన పెట్టి చూపించడం. అప్పటికే చాలా శాఖల్లో కొత్త ఉద్యోగాలు వెయ్యడం మానేసి, కంపెనీల నుంచి మనుషుల్ని గంటల లెక్కన తెచ్చుకుంటున్నారు. ఆ రేట్లు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి కాబట్టి వాటికోసం ఎక్కడా వెతకనక్కర్లేకపోయింది. కూర్చుని అన్నిటినీ ఒక కొలతలోకి తెచ్చాను. మా జీతం నూరు అనుకుంటే, కంపెనీ పంపే ఇంజనీరు కోసం శాఖ కడుతున్నది మూడు వందల ఇరవై.

మైకు ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచాడు. "మూడొందల ఇరవై! వాడికేమైనా నాలుగు చేతులున్నాయా?"

"అది కంపెనీకి కట్టే రేటు. ఆ ఇంజనీరు జీతం వేరే ఉంటుంది."

"ఎంతుంటుంది?"

"తెలీదు."

"తెలీనిది రాయకూడదని మీరే కదా మాకు నేర్పింది? రాయకండి." కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాడు. "మధ్యలో కంపెనీవాడు ఎంత మింగుతాడో మనకెందుకు చెప్పండి. మన ఆకలి సంగతి మనం చూసుకుందాం."

కానీ రెండే అంకెలున్న ఆ లెక్క నాకు ఒక కాలు విరిగిన ముక్కాలిపీటలా కనిపించింది. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎవరైనా కూర్చుంటే తెలుస్తుంది.

ఇంట్లో మేం ముగ్గురం. కొడుకు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. కోడలు నాలాగే ఇంజనీరు, కాకపోతే ప్రైవేటు కంపెనీలో. కంపెనీ ఆమెని రవాణా శాఖకి పంపింది. బడిపిల్లల బస్సు పాసులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఆమెది. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. తను ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నేను గమనించలేదు. పోయాక తెలిసింది, అన్నీ తన దగ్గర్నుంచే వచ్చేవని. తర్వాత నేనూ కొడుకూ ఎదురెదురుగా కూర్చుని తింటుంటే నమిలే చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. ఆ చప్పుడు మీద మళ్ళీ మాటలు పరిచింది మా కోడలే. ఆఫీసులో లిఫ్టు ఎలా ఆగిపోయిందో, అందులో ఇరుక్కున్న పెద్దాఫీసరు లోపల్నుంచి ఏమని కేకలు వేశాడో, నా వైపు తిరిగి చెప్పేది. నాకు చెప్పి తీరాల్సిన అవసరం ఆమెకి లేదు. అయినా చెప్పేది.

ఒక ఆదివారం ఉదయం ఇద్దరం వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. బయట వాన. ఉతికిన బట్టలన్నీ ఇంట్లోనే తాళ్ళ మీద వేలాడుతున్నాయి. నా మనసులో లెక్కకి అందని ఆ మూడో అంకె మెదులుతోంది. బయట వాన తగ్గిందా అని అడిగినట్టే అడిగేశాను.

"నీకు నెలకి ఎంతిస్తారమ్మా?"

ఆమె చేతిలో కాయ ఆగింది. తర్వాత నవ్వింది. "ఈ ప్రశ్న మీ అబ్బాయి కూడా పెళ్ళయిన ఆర్నెల్లకి గానీ అడగలేదు మామయ్యా."

"అడక్కూడనిదా?"

"మా దగ్గర పక్క సీటువాళ్ళకి కూడా చెప్పకూడదు. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటారు. చెప్పినట్టు తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే."

"ఇదెక్కడి చోద్యం! ఎందుకట?"

"పక్కవాడిది మనకి తెలిస్తే మనకి నిద్ర పట్టదు. మనది పక్కవాడికి తెలిస్తే వాడికి పట్టదు. అందరూ హాయిగా నిద్రపోవాలని." గుప్పెడు గింజలు గిన్నెలో వేసింది. "సరే, మీకు చెప్తే గోడకి చెప్పినట్టే." చెప్పింది.

మనసులో లెక్క కట్టుకున్నాను. నా నూటికి అరవై.

"మరి నీ పేరు మీద మీ కంపెనీ రవాణా శాఖ దగ్గర ఎంత తీసుకుంటోందో తెలుసా?"

"తెలుసుకుని ఏం చెయ్యను? అద్దెగది తన అద్దె ఎంతో అడుగుతుందా?" అని మళ్ళీ నవ్వింది. "వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి మామయ్యా. పర్మనెంటు చేస్తామన్నారు. అప్పుడు సెలవులకి కూడా జీతం ఉంటుంది." ఒక కాయ ఒలిచి, గింజలు లెక్కపెడుతున్నట్టు వాటినే చూస్తూ అంది, "పెద్ద సెలవులకి కూడా."

పెద్ద సెలవు అంటే ఏమిటో నాకు అర్థమైంది. పెళ్ళయి మూడేళ్ళు. వాళ్ళిద్దరూ దేనికోసం ఆగారో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. మొహం మీదకి వస్తున్న నవ్వుని బఠాణీల వైపు తిప్పుకున్నాను. దాచుకోవలసిన మాట ఒకటి నాకు ఎవరైనా చెప్పి ఎన్నాళ్ళయిందో. ఆ రోజంతా నాకు జేబులో ఏదో వెచ్చగా ఉన్నట్టే ఉంది.

కమిటీ విచారణ ఒక పాత సమావేశ మందిరంలో పెట్టారు. పైకప్పు కారుతుంటే కుర్చీల వరసల మధ్య బకెట్టు పెట్టారు. చుక్క పడ్డప్పుడల్లా మైకు కూడా ఒక్క క్షణం ఆగుతున్నాడు. కమిటీకి పెద్ద ఒక రిటైర్డు జడ్జి. చెవిలో మిషను పెట్టుకుని, ప్రతి మాటా రెండోసారి విని గానీ రాసుకోని మనిషి. శాఖలకి ఇంజనీర్లని పంపే కంపెనీల వాళ్ళని కూడా పిలిపించారు. మా కోడలి కంపెనీ నుంచి వచ్చినతను ఆ ఉక్కలో కూడా మెడలో టై వదులు చెయ్యలేదు. పేరు తెలియక మనసులో అతన్ని టై బాబు అనుకున్నాను. నా ముందు కుర్చీలో ఎవరో గొడుగు జారవిడిస్తే వంగి తీసి ఇచ్చింది కూడా అతనే.

మైకు నేను వేసిన లెక్క చదివాడు. నూరు, మూడు వందల ఇరవై. హాల్లో గుసగుసలు లేచాయి.

జడ్జిగారు చెయ్యెత్తారు. "ఆగండి. ఈ మూడు వందల ఇరవై ఆ కుర్రాడి చేతికే వస్తుందా?"

"ఇంచుమించు అంతేనండి" అన్నాడు మైకు.

జడ్జిగారు టై బాబు వైపు చూశారు.

"మా దగ్గర ఎవరి జీతాలూ బయటపెట్టం సార్. మన్నించాలి" అన్నాడతను వినయంగా.

జడ్జిగారు కలం తీసుకున్నారు. 'ఇంచుమించు' అన్న మాట ఆ కాగితం మీదకి దిగబోతోంది. ఇంక ఆగలేక లేచి నిలబడ్డాను.

"కాదండి. వాళ్ళ చేతికొచ్చేది మాకన్నా తక్కువ. మా నూటికి అరవై."

"మీకెలా తెలుసు?"

విన్నానండి అంటే సరిపోయేది. ఆ పెద్దమనిషి అంతకన్నా గుచ్చి అడిగేవాడూ కాదు. కానీ హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. నాకు తెలిసింది అక్కడ ఎవరికీ తెలియదు. అలాంటి సందర్భం నా జీవితంలో అదే మొదలు. దాని రుచి నాలుక మీద ఉండగానే మాట వచ్చేసింది.

"మా ఇంట్లోనే ఒక అమ్మాయి ఉందండి. కంపెనీ ఇంజనీరే. తనే చెప్పింది."

టై బాబు తలెత్తాడు. "ఏ కంపెనీ సార్?" టైమెంతయింది అని అడిగినంత మర్యాదగా అడిగాడు.

"మీదే" అన్నాను.

అతను తల ఊపి, పెన్నుకి మూత పెట్టుకున్నాడు.

బయట మెట్ల మీద మైకు నన్ను పట్టుకున్నాడు. గొంతు తగ్గించాలని పాపం ప్రయత్నించాడు గానీ రోడ్డు అవతల ఉన్నవాళ్ళు కూడా ఆగి చూశారు. "కూర్చున్న కొమ్మ నరికేశారు గురువుగారూ! బయటివాడికి అరవై అయితే మనకి నూరు ఎక్కువే కదా అంటే ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పాను."

"ఉన్నది చెప్పడానికి సంఘం ఎందుకండీ!"

అతన్ని అలాగే వదిలేసి నడిచాను. నడక తేలిగ్గా ఉంది. హాల్లోంచి కాబోలు, ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి, కళ్ళజోడు మీద చినుకులతో, పరిగెత్తుకుంటూ వచ్చి "థాంక్స్ సార్" అని చెప్పి వెనక్కి పరిగెత్తింది. దారిలో అరటిపళ్ళు కొన్నాను. మా కోడలికి ఇష్టమని.

సాయంత్రం భోజనాల దగ్గర అంతా చెప్పాను. జడ్జిగారి చెవి మిషను, బకెట్టు, మైకు అన్న 'ఇంచుమించు', నేను లేవడం. చెప్పడం కూడా బాగానే చెప్పినట్టున్నాను, కొడుకు నవ్వుతూ వింటున్నాడు. కోడలు నవ్వడం లేదు.

"కంపెనీల వాళ్ళెవరైనా వచ్చారా మామయ్యా?"

"వచ్చారు. మీవాడూ ఉన్నాడు, టై కట్టుకుని."

"నా పేరు చెప్పారా?"

"పేరెందుకు చెప్తాను! అంత తెలియనివాణ్ణా? మా ఇంట్లో ఒక అమ్మాయి అన్నాను. అంతే."

ఆమె నీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మీకు కోడళ్ళెంతమంది మామయ్యా?"

కొడుకు నవ్వు అక్కడే ఆగిపోయింది. అడగడానికి అది ఎంత చిన్న ప్రశ్న! ఆఫీసులో ముప్పై ఏళ్ళు 'ఒక ఉద్యోగి', 'సదరు ఉద్యోగి' అని రాసీ రాసీ, పేరు లేకపోతే మనిషి లేనట్టేనని నమ్మినవాణ్ణి. నా చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆమె లేచి, గరిటెతో ఇంకాస్త కూర తెచ్చి నా కంచంలో వేసి, "చల్లారిపోతోంది, తినండి" అంది.

ఏమీ జరగదేమో అనుకున్న రోజులు కొన్ని గడిచాయి. ఒక మధ్యాహ్నం నాకు జ్వరంగా ఉండి ఇంట్లోనే పడుకున్నాను. వీధి తలుపు చప్పుడైంది. కోడలు గుమ్మంలో నిలబడి చీర చెంగు పిండుకుంటోంది.

"ఇంత తొందరగా వచ్చేశావేమ్మా?"

"బస్సు ఖాళీగా దొరికింది మామయ్యా. జ్వరం తగ్గిందా?" నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి చల్లగా ఉంది. "తగ్గింది" అని తనే చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

సంగతి సాయంత్రం కొడుకు చెప్పాడు. కంపెనీ హెడ్డాఫీసుకి పిలిచారట. విచారణ మాటే ఎత్తలేదట. బస్సు పాసుల పనికి మనుషులు ఎక్కువయ్యారు, మూడేళ్ళ ఒప్పందం ముగుస్తోంది, ఇక పొడిగించడం లేదు అన్నారట. పర్మనెంటు సంగతి ఆమే అడిగితే, ఆ మాట ఎవరన్నారని ఎదురు అడిగారట. మెడలో వేసుకునే కార్డు అక్కడే ఇచ్చేసి రమ్మన్నారు.

"నువ్వు మంచికే చెప్పావు నాన్నా, నాకు తెలుసు" అన్నాడు వాడు. గోడ వైపు చూస్తూ అన్నాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే. చిన్నప్పుడు ఆ మాటకి తెగ నవ్వేవాణ్ణి."

లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఇంక ఆపండి. జ్వరం మనిషి."

ఆమె నాలుగు మాటలు అని ఉంటే నేను తల వంచుకుని పడేవాణ్ణి. పడటానికి కూడా ఏమీ మిగల్చలేదు. మా అమ్మ చిన్నప్పుడు 'నోరా, వీపుకి తేకే' అని నన్ను భయపెట్టేది. ఆ సామెతలో నోరూ వీపూ ఒక్క మనిషివే. నాకు ఆ మాత్రం న్యాయం కూడా దక్కలేదు. నోరు నాది, వీపు ఆమెది.

పెద్ద సెలవు మాట మళ్ళీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మెట్ల కింద ఒక లేత పసుపు రంగు డబ్బా ఉండేది. దాన్ని ఏ గది కోసం కొన్నారో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం కొడుకు దాని మూత ఊడదీసి, ఆ రంగంతా వీధి గేటుకి వేసేశాడు. ఇనప గేటుకి గోడ రంగు నిలవదని వాడికి తెలియనిది కాదు.

"బాగుందా నాన్నా?"

"బాగుంది" అన్నాను. రెండు వానలకే అది పెచ్చులు పెచ్చులుగా ఊడి మెట్ల మీద పడింది. కోడలే ఊడ్చేసింది.

జ్వరం తగ్గాక ఒకరోజు సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా టై బాబు దగ్గరికి వెళ్ళాను. అద్దాల భవనం. గుమ్మంలోనే నా మెడలో 'సందర్శకుడు' అని ఒక కార్డు వేశారు. అతను నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అరుస్తాడేమోనని దారి పొడుగునా జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

"ఆమె తప్పేమీ లేదు బాబూ. నేనే అడిగాను. కావాలంటే తను చెప్పలేదనీ, నేనే ఊహించి అన్నాననీ రాసిస్తాను."

"రాసిస్తారు సార్. ఆ రోజు మీ మొహం చూసినవాళ్ళెవరూ నమ్మరు." అతను కాస్త ముందుకి వంగాడు. "అసలు ఆ అరవై కూడా కాదు. అంతకంటే తక్కువే. మీరు రౌండు చేసినట్టున్నారు."

"అయితే నేను చెప్పింది నిజమే కదా."

"నిజమే. అబద్ధమైతే మాకేం బాధ లేదు, కాదని ఒక ఉత్తరం రాస్తే పోయేది." నవ్వబోయి మానేశాడు. "మా బాసు జీతం ఎంతో నాకు తెలీదు. నాది ఎంతో మా ఆవిడకి తెలీదు. మా దగ్గర అందరూ అలాగే పనిచేస్తారు. ఒకళ్ళని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు నలుగురు చెప్తారు. అంతే సార్. ఆ అమ్మాయి మీద ఎవరికీ కోపం లేదు. పని బాగా చేసేది కూడా."

"మరి నేనేం చెయ్యను?"

"మీరు చెయ్యడానికేం లేదు. నేను మాత్రం ఒకటి చేస్తాను. వేరే కంపెనీల వాళ్ళు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మంచిగానే చెప్తాను. గొడవ సంగతి ఎత్తను. అది ఒక్కటే నా చేతిలో ఉంది."

లిఫ్టు దాకా వచ్చి బటన్ తనే నొక్కాడు. తలుపు మూసుకునేలోపు నేను అతనికి రెండుసార్లు థాంక్స్ చెప్పాను. కిందికి దిగుతుంటే అద్దంలో మెడకి కార్డు వేలాడుతున్న ఒక పెద్దమనిషి కనిపించాడు. ఆయన్ని చూడలేక అంకెలు చూస్తూ నిలబడ్డాను.

వానలు వెనకబట్టే రోజుల్లో కమిటీ నివేదిక వచ్చింది, ప్రభుత్వం దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. మాకు నూటికి పదిహేను పెంచారు. మైకు అడిగినదాంట్లో అది సగం కూడా కాదు, అయినా విజయం అంటూ తిరిగాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా రాశారు జడ్జిగారు. ఏ కంపెనీ అయినా సరే, శాఖ కట్టే రేటులో కనీసం మూడో వంతు ఆ ఇంజనీరు చేతికే ఇవ్వాలి, ఇచ్చినట్టు శాఖకి చూపించాలి. ఇవ్వని కంపెనీతో ఒప్పందం ఉండదు. అంటే ఆ అరవై కాస్తా నూరు దాటింది. మా కోడలు వదిలివచ్చిన కుర్చీలో కూర్చున్నవాళ్ళకి కూడా దాటింది.

మా గదిలో స్వీట్లు పంచారు. తినకుండా డ్రాయరులో పెట్టి, ఫైళ్ళ కోసం వచ్చిన అటెండరుకి ఇచ్చేశాను. అతను నా వైపు చూసి "పెరిగింది కదా సార్, మొహం అలా పెట్టారేం?" అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. తెలియకపోయినా ఫ్యాను నా వైపు తిప్పి వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం వాళ్ళు వచ్చారు. వేరే వేరే శాఖల్లో పనిచేసే కంపెనీ ఇంజనీర్లు నలుగురు, ఒక పళ్ళ బుట్టతో. ముందు నడుస్తున్నది ఆ రోజు దారిలో థాంక్స్ చెప్పి పరిగెత్తిన కళ్ళజోడు అమ్మాయే. ఎవర్ని అడిగి మా ఇల్లు పట్టుకున్నారో గానీ, చెప్పులు గుమ్మం బయటే విప్పి, కుర్చీల అంచుల మీద కూర్చున్నారు.

"మాకోసం మాట్లాడినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు సార్" అంది ఆ అమ్మాయి. "మా కంపెనీ వేరు. కానీ మాకూ పెరిగింది. మా నాన్నకి చెప్తే, ఆ పెద్దాయన ఇంటికెళ్ళి మొహం చూపించి రా అన్నారు."

"నేనేం చేశానమ్మా" అన్నాను. అది వినయం అనుకున్నారు. పక్కన కూర్చున్న సన్నటి కుర్రాడు "అంత ధైర్యం ఊరికే రాదు సార్" అన్నాడు. నేను నేల వైపు చూశాను. దాన్ని కూడా వినయమే అనుకున్నారు. నేను ఏం చేసినా ఆ పూట వినయంలాగే కనిపిస్తోంది.

కోడలు టీ తెచ్చింది. ఒక్కొక్కరికీ కప్పు అందిస్తుంటే కళ్ళజోడు అమ్మాయి ఆమె మొహం పరిశీలనగా చూసింది.

"సార్ ఆ రోజు చెప్పిన అమ్మాయి మీరేనా అక్కా?"

కప్పులో టీ తొణకలేదు. "నేనే" అంది మా కోడలు.

"అమ్మయ్య! మీకూ చెప్పాలని వచ్చాం. మీరు చెప్పకపోతే సార్‌కి తెలిసేదే కాదు." ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "మీకెంత పెరిగిందక్కా?"

కొడుకు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పేస్తే బాగుండునని ఒక క్షణం నిజంగానే కోరుకున్నాను. కప్పులు కింద పెట్టి, ఆ నలుగురూ నా వైపు తిరిగి చూస్తే బాగుండునని.

మా కోడలు ట్రే గుండెలకి ఆనించుకుని నవ్వింది.

"ఆ మాట అడక్కూడదు కదమ్మా."

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. నలుగురూ గొల్లున నవ్వారు. కుర్రాడైతే "ఎంతయినా కంపెనీ మనుషులం" అని కప్పులోని టీ ఒలికేలా నవ్వాడు. మా కోడలు కూడా వాళ్ళతో పాటే నవ్వి, బిస్కెట్లు తెస్తానని లోపలికి వెళ్ళింది. ఏ కట్టుబాటు ఆమెని రోడ్డున పడేసిందో, దాన్నే తీసి నా పరువు మీద కప్పింది.

వాళ్ళు గుమ్మం దాటేటప్పుడు ఒక్కొక్కరూ నాతో చెయ్యి కలిపారు. గేటు దగ్గర కళ్ళజోడు అమ్మాయి చున్నీకి పసుపు పెచ్చు ఒకటి అంటుకుంటే దులుపుకుని, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"క్షమించమని అడిగే ధైర్యం కూడా లేదమ్మా" అన్నాను లోపలికి వచ్చాక. అప్పటికి ఎన్ని వారాలుగా ఆ మాట గొంతులో ఉందో.

ఆమె బుట్టలో పళ్ళు ఏరుతోంది, మెత్తబడ్డవి ఒక పక్కకి, గట్టివి ఒక పక్కకి. "మీ మీద కోపం పెట్టుకుందామని చాలా ప్రయత్నించాను మామయ్యా. సాయంత్రం అయ్యేసరికి అలిసిపోతున్నాను." ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది. "వాళ్ళ జీతాలు పెరిగినందుకు సంతోషంగానే ఉంది. అది అబద్ధం కాదు. కానీ మీకు ఏదైనా చెప్పాలంటే మాత్రం ఇప్పుడు ఒకసారి ఆగుతున్నాను. అది నా చేతిలో లేదు."

నిజమే, ఆగుతోంది. లిఫ్టు కబుర్లూ, ఆఫీసరు కేకలూ ఇప్పుడు లేవు కదా అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అసలు సంగతి అది కాదని నాకూ తెలుసు.

చలి మొదలవుతుండగా ఆమెకి ఇంకో కంపెనీలో పని దొరికింది. టై బాబు మాట నిలబెట్టుకున్నాడో, ఆమె పనితనమే నిలబెట్టిందో నేను అడగలేదు. భోజనాల దగ్గర, నీళ్ళ గ్లాసు అందిస్తూ మామూలుగా చెప్పింది. "సోమవారం నుంచి రమ్మన్నారు. మళ్ళీ మొదట్నుంచే, మూడేళ్ళ ఒప్పందం."

"మంచిది!" అని కొడుకు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఎంతిస్తా..." అనబోయి ఆగాడు.

ఎవరూ నా వైపు చూడలేదు. ఇద్దరూ చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతున్నారు. ఆమె గ్లాసు అంచు మీద వేలు తిప్పుతోంది. వాడు మెతుకులు ఏరుతున్నాడు. తమ ఇంట్లో తమ సంగతి చెప్పుకోవడానికి ఇద్దరు మనుషులు నేను లేచేదాకా ఆగాలి.

నా కంచం తీసుకుని లేచాను. అందులో సగం అన్నం అలాగే ఉంది. పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పాను. నీళ్ళు రాతి పలక మీద పడి పాదాల మీదకి చిందాయి. వెనక ఆమె గొంతు మొదలైంది. ఇంకా ఏదో వినపడుతోందేమోనని అనుమానం వచ్చి, అన్నం పక్కకి తీసి, కంచం కింద పెట్టుకుని గట్టిగా తోమడం మొదలుపెట్టాను. తళతళలాడుతున్న కంచాన్ని మళ్ళీ తోమాను. "అయిపోయింది మామయ్యా, లోపలికి రండి" అని ఆమె పిలిచేదాకా తోముతూనే ఉన్నాను.